టికెట్‌లోనే ఉన్న అధ్యయన యాత్ర

శంషాబాద్ నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో సర్వీసు మొదలుపెట్టినా అది నిలవలేదు. అందుకే కూతురి కాన్పుకని సూర్యాపేట నుంచి డల్లాస్ బయలుదేరిన తల్లి అయినా, కొడుకు కొన్న ఇల్లు చూద్దామని కోదాడ నుంచి న్యూజెర్సీ వెళ్లే తండ్రి అయినా, మిల్లు పనులు తమ్ముడికి అప్పజెప్పి మిర్యాలగూడ నుంచి కదిలిన దంపతులైనా నడుమ ఎక్కడో దిగి మరో విమానం ఎక్కాల్సిందే. ఎక్కువమందికి ఆ చోటు దుబాయ్, దోహా, అబుదాబి. కొందరికి సింగపూర్, హాంకాంగ్. చవక టికెట్ అయితే ఆ నడుమ సమయం ఎనిమిది గంటలు, పది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఆ సమయమంతా మనవాళ్లు గేటు ముందున్న కుర్చీల్లోనే గడుపుతున్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్న చపాతీలు తిని, మందులు వేసుకుని, ఒకరు కునుకు తీస్తే ఇంకొకరు బ్యాగులకు కాపలా ఉంటూ, తెర మీద గేటు నంబరు మారుతుందేమోనని గుండె చిక్కబట్టుకుని చూస్తూ కూర్చుంటారు. అద్దాల అవతల ఆసియాలోని మహానగరాల్లో ఒకటి ఉంటుంది. అందులో అడుగుపెట్టడానికి కావలసిన అర్హత చాలామందికి వాళ్ల పాస్‌పోర్టులోనే ఉంటుంది. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు. జీవితంలో ఒకటి రెండుసార్లు మాత్రమే ఖండాలు దాటే మనుషుల విషయంలో ఇది చిన్న లోటు కాదని నా నమ్మకం.

ప్రభుత్వాలు అధ్యయన యాత్రలు చేస్తుంటాయి. 2024 అక్టోబరులో తెలంగాణ మంత్రులు, అధికారులు, విలేకరుల బృందం సియోల్ వెళ్లి హాన్ నదిని, చియోంగ్‌గేచియాన్ వాగును చూసి వచ్చింది. మూసీని బాగుచేసే దారి వెతకడం ఆ ప్రయాణం ఉద్దేశం. వెళ్లడంలో తప్పేమీ లేదు, చూడనిదే తెలియదు. అయితే మూసీ కింద పొలం ఉన్న రైతు, ఆ నీటి వాసన మధ్య బతికిన మనిషి, ఆ నీటి గురించి పాఠం చెప్పిన ఉపాధ్యాయుడు సింగపూర్ మీదుగా వెళుతూ, ఒకప్పుడు మూసీలాగే మురికిపట్టి తర్వాత తేటపడిన నదికి ముప్పావు గంట దూరంలో కూర్చుని, దాన్ని చూడకుండానే విమానం ఎక్కేస్తున్నాడు. ఆయనకు ప్రభుత్వం ఖర్చు పెట్టనక్కర్లేదు. ఆయన అధ్యయన యాత్ర టికెట్‌లోనే ఉంది.

ఎందుకు కదలరు? టికెట్ కొనేది అమెరికాలో ఉన్న పిల్లలు. వాళ్లు చూసేది ధర, మొత్తం ప్రయాణ సమయం, అమ్మానాన్నలకు శాకాహార భోజనం దొరుకుతుందా లేదా అన్నది. నడుమ ఆగే సమయం వాళ్ల లెక్కలో ఎప్పుడూ నష్టమే. ఫోన్‌లో చెప్పే చివరి మాట కూడా అదే: ‘‘ఎటూ పోకండి నాన్నా, గేటు కాడే కూసోండి.’’ ప్రేమతో చెప్పే మాటే అది, కాదనలేం. ఇక వీల్‌చైర్ సంగతి. నడవలేక దాన్ని అడిగేవాళ్లు కొందరైతే, భాష రాక, దారి తప్పుతామన్న భయంతో అడిగేవాళ్లు మరికొందరు. నెట్టుకెళ్లే మనిషి తోడుంటే ఇమ్మిగ్రేషన్, భద్రతా తనిఖీ సాఫీగా గడిచిపోతాయి. కానీ ఆ తర్వాత గంటలన్నీ ఆ మనిషి కూర్చోబెట్టిన చోటే. మన పట్టణాల్లోని ట్రావెల్ ఏజెంట్లు వీసా దరఖాస్తు నింపడం నుంచి ఇన్సూరెన్స్ దాకా అన్నీ చూసిపెడతారు. నడుమ ఊళ్లో ఏం చేయవచ్చో చెప్పడం మాత్రం వాళ్ల పనుల జాబితాలో లేదు.

భయాలూ ఉన్నాయి, వాటికి జవాబులూ ఉన్నాయి. బయటికి వెళితే మళ్లీ లోపలికి రానిస్తారా? తర్వాతి విమానం బోర్డింగ్ పాస్ చేతిలో ఉంటే మామూలుగా తనిఖీ చేసి పంపిస్తారు. లగేజీ ఏమవుతుంది? ప్రయాణమంతా ఒకే టికెట్ మీద ఉంటే శంషాబాద్‌లో వేసిన పెట్టెలు సాధారణంగా అమెరికాలోనే చేతికొస్తాయి. రెండు వేర్వేరు టికెట్లు కొంటే మాత్రం నడుమ దించుకుని మళ్లీ వేయాల్సి రావచ్చు, కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. ఇంకో దేశం ముద్ర పడితే అమెరికా వీసాకు ఏమైనా అవుతుందా? ఏమీ కాదు. ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలియకపోవడం వల్లే ఎంతోమంది పెద్దలు గాజు గోడల మధ్య ఉండిపోతున్నారు.

నిబంధనలు ఒకసారి చూద్దాం. సింగపూర్ వెళ్లాలంటే భారతీయులకు వీసా కావాలి. అయితే అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్, జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో ఏదో ఒక దేశపు వీసా గానీ దీర్ఘకాల నివాస అనుమతి గానీ ఉండి, మూడో దేశానికి వెళుతూనో అక్కడి నుంచి వస్తూనో దిగినవాళ్లు 96 గంటల వరకు వీసా లేకుండా ఉండవచ్చు. ఆ వీసా ఒక్కసారి ప్రవేశానికే పరిమితమైనది కాకూడదు. దానికి కనీసం నెల గడువుండాలి. 96 గంటల్లోపు బయలుదేరే ఖరారైన టికెట్ చూపించాలి. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి అరైవల్ కార్డును ఆన్‌లైన్‌లో ఉచితంగా నింపవచ్చు. మన తల్లిదండ్రులకు మామూలుగా దొరికేది పదేళ్లపాటు ఎన్నిసార్లయినా వెళ్లిరాగల అమెరికా వీసా. అది ఈ షరతులకు సరిపోతుంది. చివరి నిర్ణయం ఇమ్మిగ్రేషన్ అధికారిదే అన్నది గుర్తుంచుకోవాలి.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ కూడా అమెరికా వీసా ఉన్న భారతీయులకు రుసుము తీసుకుని 14 రోజుల వీసా ఇస్తోంది. ఇక్కడ పాస్‌పోర్టుకూ అమెరికా వీసాకూ ఆరు నెలల గడువు చూస్తారు. హాంకాంగ్ 2017 జనవరి నుంచి భారతీయులను ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోమంటోంది, అది ఉచితం. మలేసియా 2023 డిసెంబరు 1 నుంచి 30 రోజుల వరకు వీసా అడగడం లేదు. ఇవన్నీ మారుతుండే నిబంధనలు. టికెట్ కొనే రోజున ఆయా దేశాల ఇమ్మిగ్రేషన్ వెబ్‌సైట్లలో ఇంకోసారి చూసుకోవడం పిల్లల బాధ్యత.

ఈ దేశాలు ఇంత ఉదారంగా ఎందుకుంటున్నాయి? వాటికి ఆగే ప్రయాణికుడి విలువ తెలుసు. గనులూ పొలాలూ లేని సింగపూర్ దారి నడుమ ఉండటాన్నే ఆస్తిగా మార్చుకుంది. 1981లో మొదలైన చాంగీ విమానాశ్రయంలో అయిదున్నర గంటల నుంచి ఇరవై నాలుగు గంటల వరకు ఆగే ప్రయాణికులను, దేశంలోకి రాగల అర్హత ఉంటే, ఉచితంగా బస్సులో ఊరు తిప్పి తీసుకొస్తారు. విమానాశ్రయం పక్కనే 2019లో కట్టిన జ్యువెల్‌లో నలభై మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతం ఉంది. దుబాయ్‌లో ఎమిరేట్స్ సంస్థ, దగ్గరి కనెక్షన్ లేక ఎక్కువ గంటలు ఆగాల్సివచ్చే తన ప్రయాణికులకు హోటల్ గది, భోజనం ఇచ్చే పథకం నడుపుతోంది. షరతులున్నాయి, ముందే నమోదు చేసుకోవాలి. దోహాలోనూ ట్రాన్సిట్ ప్రయాణికులకు నగర యాత్రలున్నాయి. ఇవాళ ఆరు గంటలు ఆగినవాడు రేపు ఆరు రోజులకు వస్తాడన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కలో మనకూ లాభముంది. వాడుకోవడమే తరువాయి.

నా దృష్టిలో మన మూడు పట్టణాల పెద్దలకు వీటన్నిటిలో ఎక్కువ పనికొచ్చే నగరం సింగపూర్. హైదరాబాద్ నుంచి నాలుగున్నర గంటల ప్రయాణం. రాత్రి ఎక్కి తెల్లవారి దిగి, సాయంత్రానికో రాత్రికో మళ్లీ ఎక్కేలా టికెట్ దొరికితే పగలంతా చేతిలో ఉంటుంది. విమానాశ్రయం కిందే మెట్రో స్టేషన్. టికెట్ కోసం తంటాలు పడనక్కర్లేదు, తాకిస్తే పనిచేసే అంతర్జాతీయ బ్యాంకు కార్డు చాలు. ఫారర్ పార్క్ స్టేషన్‌లో దిగి నాలుగడుగులు వేస్తే సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ గుడి. పందొమ్మిదో శతాబ్దం నడుమ వెలసిన ఈ గుడి నుంచే తైపూసం కావళ్లు బయలుదేరతాయి. మధ్యాహ్నం గుడి మూస్తారు కనుక పొద్దున్నే వెళ్లాలి. అదే రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో ఇడ్లీ, దోసె దొరుకుతాయి. ఊరు కాని ఊళ్లో పెద్దవాళ్లకు మొదట కావలసింది దేవుడి దర్శనం, కడుపులోకి తెలిసిన తిండి. ఆ రెండూ దొరికాక భయం సగం పోతుంది. 1975లో ఏర్పడిన తెలుగు సమాజం కూడా ఈ నగరంలో ఉంది. వీధిలో ఒక తెలుగు మాట చెవిన పడినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

అక్కడి నుంచి నదికి వెళ్లాలి. ఎత్తైన కట్టడాలు చూడటానికి మాత్రమే అయితే ఇంత దూరం చెప్పను. 1970ల దాకా సింగపూర్ నదిలో పందుల పెంపకం వ్యర్థాలు, వీధి దుకాణాల చెత్త, మురుగు, పడవల నూనె అన్నీ కలిసేవి. 1977లో ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ల గడువు పెట్టారు. 1987కల్లా నది శుభ్రపడింది. తర్వాత 2008లో నది సముద్రంలో కలిసే చోట మరీనా బ్యారేజీ కట్టి, ఉప్పునీటిని ఆపి, నగరం నడిబొడ్డునే మంచినీటి జలాశయం చేసుకున్నారు. ఒకప్పుడు ముక్కు మూసుకున్న నీళ్లు ఇప్పుడు శుద్ధిచేసి తాగే నీళ్లలో భాగం. 

సూర్యాపేట మనిషికి ఈ కథ చెప్పి చూడండి. హైదరాబాద్ వదిలిన మురుగు మూసీలో కలిసి ముందుకొస్తుంది. సోలిపేట దగ్గరి మూసీ ప్రాజెక్టులో నిలుస్తుంది. కాలువల్లో పారి పొలాలకు చేరుతుంది. మిగిలింది మిర్యాలగూడ అవతల వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మూసీ నీళ్లే తాగిన రోజులు సూర్యాపేటకు ఇంకా గుర్తే. నది శుభ్రపడటం సాధ్యమేనా అన్న ప్రశ్న రాజధానిలో ఒక పథకం, ఒక వివాదం. దిగువన ఉన్న మన జిల్లాల్లో అది పంట, పశువు, ఒంటి ఆరోగ్యం. అందుకే సింగపూర్ నది గట్టు మీద అరగంట నిలబడి చూసే హక్కు అందరికంటే ముందు దిగువ మనిషికి ఉంది.

నిలబడి చూస్తే రెండో ప్రశ్న కూడా పుడుతుంది, పుట్టాలి. ఆ నదీ తీరాల్లో ఉన్న మనుషులేమయ్యారు? అక్కడ దాదాపు 26 వేల కుటుంబాలను తరలించారు. ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ 1960 నుంచి కడుతూ వచ్చిన ఫ్లాట్లు ఉన్నాయి కాబట్టి వెళ్లడానికి చోటు ఉంది. రోడ్ల మీది చిరుతిండి వ్యాపారులకు నీటి కొళాయి, మురుగు కాలువ ఉన్న పక్కా కేంద్రాలు కట్టి అందులోకి మార్చారు. ఆ తిండి కేంద్రాల సంస్కృతినే 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అందరూ సంతోషంగా కదిలారని నేను చెప్పను. ఇల్లు వదలడం ఏ దేశంలోనైనా కష్టమే. కానీ ముందు ఇల్లు, తర్వాత నది అన్న క్రమం అక్కడ కనిపిస్తుంది. 2024లో మూసీ ఒడ్డున ఇళ్లకు గుర్తులు వేసినప్పుడు జనం అడిగింది కూడా అదే. ఈ పోలికను పత్రికలో చదివినవాడికీ, కళ్లతో చూసి వచ్చినవాడికీ మాట బలంలో తేడా ఉంటుంది. రచ్చబండ దగ్గరైనా, వార్డు సభలోనైనా, చూసి వచ్చినవాడు అడిగే ప్రశ్నను అధికారి తేలిగ్గా దాటవేయలేడు.

మిర్యాలగూడ వాళ్లకు సింగపూర్‌లో ఇంకో పాఠం కూడా ఉంది, బియ్యం. సాగర్ ఎడమ కాలువ వచ్చాక ఆ పట్టణం బియ్యం మిల్లుల ఊరైంది. సింగపూర్‌లో వరి పండదు, తినే ప్రతి గింజా దిగుమతే. అందుకే బియ్యం తెప్పించుకునే వ్యాపారులు నిర్ణీత నిల్వలు ఉంచితీరాలన్న చట్టం అక్కడ ఉంది. 2023 జులై 20న భారతదేశం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసినప్పుడు అమెరికాలో మన పిల్లలు సోనా మసూరి బస్తాల కోసం కిరాణా కొట్ల ముందు బారులు తీరడం ఇక్కడ టీవీల్లో చూశాం. అదే సమయంలో సింగపూర్ మన ప్రభుత్వంతో మాట్లాడుకుని 50 వేల టన్నులకు ప్రత్యేక అనుమతి తెచ్చుకుంది. 2024 సెప్టెంబరు చివరలో ఆ నిషేధం పోయింది. ఫారర్ పార్క్ స్టేషన్ పక్కనే ఉన్న ముస్తఫా సెంటర్‌లో బియ్యం బస్తాలు పేర్చిన వరుస ముందు ఒక మిల్లు యజమాని పది నిమిషాలు నిలబడితే చాలు. ఏ దేశపు బియ్యం ఎంత ధర పలుకుతోంది, సంచి ఎలా కట్టారు, మన రకం ఏ మూల ఉంది, థాయ్ బియ్యం ఎక్కడ ఉంది అన్నది ఆయనకు ఎవరూ వివరించనక్కర్లేదు. వ్యాపార ప్రదర్శనలకు వెళ్లినా ఇంతకంటే సూటిగా మార్కెట్ కనిపించదు.

మూడోది ఒక మ్యూజియం. నది ఒడ్డునే ఉన్న ఆసియా నాగరికతల మ్యూజియంలో తొమ్మిదో శతాబ్దంలో మునిగిన ఒక ఓడ సరుకు ఉంది. 1998లో ఇండోనేసియాలోని బెలిటుంగ్ దీవి దగ్గర దొరికిన ఆ ఓడలో చైనా పింగాణీ పాత్రలు అరవై వేల దాకా ఉన్నాయి. చైనాలో నింపుకుని పడమటి దేశాలకు పోతున్న ఓడ అది. ఆ సముద్రపు దారి మనకు పరాయిది కాదు. నాగార్జునకొండలో దొరికిన మూడో శతాబ్దపు శాసనం ఒకటి సింహళ భిక్షువుల సేవలను చెబుతూ కాశ్మీరం, గాంధారంతో పాటు చైనా పేరు కూడా తీసుకుంటుంది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో సముద్ర వ్యాపారులకు అభయశాసనం వేయించాడు. మచిలీపట్నం అద్దకపు బట్టలు సయాం దాకా, జావా దాకా వెళ్లాయి.

ఆ కాలంలో ప్రయాణమంటే నడుమ ఆగడం తప్పదు. గాలి ఒక దిక్కున వీచినన్నాళ్లు ఓడ నడిచేది, గాలి మారేదాకా రేవులో నెలల తరబడి నిలిచేది. మలక్కా జలసంధి చుట్టుపక్కల రేవు పట్టణాలు అలా ఆగినవాళ్ల వల్లే పెరిగాయి. క్రీ.శ. 671లో చైనా నుంచి నలందకు బయలుదేరిన ఇత్సింగ్ అనే భిక్షువు సుమత్రాలోని శ్రీవిజయలో ఆరు నెలలు ఆగాడు. ఆ ఆరు నెలలూ సంస్కృత వ్యాకరణం నేర్చుకున్నాడు. భారతదేశం వెళ్లాలనుకునే చైనా భిక్షువులు ముందు అక్కడ ఆగి చదువుకుని వెళ్లడం మంచిదని తర్వాత రాశాడు. పదమూడు వందల ఏళ్ల కిందటే ఒక ప్రయాణికుడు దారి మజిలీని చదువుగా మార్చుకున్నాడు. మనకు ఆరు నెలలు లేవు, ఎనిమిది గంటలున్నాయి. వాటిని కూడా కుర్చీకి అప్పగించడం నాకు బాధ కలిగిస్తుంది.

హాంకాంగ్ గురించి కొంచెం చెప్పాలి. అక్కడ విమానాశ్రయం పక్కనే ఉన్న లాంటావ్ దీవి మీద 34 మీటర్ల కంచు బుద్ధుడు ఉన్నాడు. 1993లో పూర్తయిన విగ్రహం. పక్క ఊరు టుంగ్ చుంగ్ నుంచి రోప్‌వేలో అరగంటలోపే చేరుకోవచ్చు, నగరంలోకి వెళ్లనక్కర్లేదు. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందనుంచే దండం పెట్టుకోవచ్చు. సూర్యాపేట జిల్లాలో బౌద్ధ క్షేత్రం ఫణిగిరి ఉన్న మనకు ఆ బుద్ధుడు అతిథి కాదు, మన నేల నుంచి వెళ్లిన బంధువు. కౌలాలంపూర్‌లో ఆగితే బటు గుహల సుబ్రహ్మణ్య స్వామి దర్శనం అవుతుంది. రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్ల సంతతి ఆ దేశంలో తమ సంఘం పెట్టుకుని ఇంకా తెలుగు నేర్పుకుంటోంది.

దుబాయ్ వేరు. అక్కడ ఎక్కువమంది ఆగుతారు, అక్కడే ఎక్కువమంది కదలరు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా అందరికీ తెలిసిందే. నేనైతే పాత దుబాయ్‌కి వెళ్లమంటాను. మెట్రో విమానాశ్రయంలోనే ఎక్కవచ్చు. క్రీక్ అనే ఉప్పునీటి పాయ మీద అబ్రా పడవలో చిల్లర డబ్బుతో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటవచ్చు. ఆ గట్ల మీద, ఆ వీధుల్లో మన తెలంగాణ పిల్లలు కనిపిస్తారు. ఎక్కువగా కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు, కట్టడాల్లో, దుకాణాల్లో, డ్రైవర్లుగా చెమటోడ్చేవాళ్లు. అమెరికా వెళ్లే తల్లిదండ్రులు గల్ఫ్ వెళ్లే కొడుకులను ఒక్కసారి పలకరించాలి. ఒకే శంషాబాద్ నుంచి ఎగిరిన రెండు తెలంగాణలు అవి. వాటికి ముఖాముఖి మాటలు తక్కువ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పగటి ఎండలో మాత్రం పెద్దవాళ్లను బయట తిప్పకూడదు. చలికాలమైతే హాయిగా ఉంటుంది.

అభ్యంతరాలు లేవని కాదు. ఆరు గంటలకంటే తక్కువ సమయం ఉంటే సొంతంగా విమానాశ్రయం దాటే ఆలోచనే వద్దు. దిగాక ఇమ్మిగ్రేషన్ వరుసకు ఒక గంట, తిరిగి వచ్చి విమానానికి మూడు గంటల ముందు ఉండటం, ఈ రెండూ తీసేశాక మిగిలేదే మీ సమయం. అర్ధరాత్రి దిగి తెల్లవారి ఎక్కేవాళ్లు నిద్రపోవడమే మేలు. గుండె జబ్బు, చక్కెర ఉన్నవాళ్లు మందులన్నీ చేతి సంచిలోనే పెట్టుకోవాలి, ఆ రోజు ఒకటి రెండు చోట్లతో సరిపెట్టుకోవాలి. గుడి, నది, మ్యూజియం మూడూ చూడాలన్న పట్టుదల వద్దు. వీల్‌చైర్ నిజంగా అవసరమైనవాళ్లకు విమానాశ్రయం వాళ్లు తిప్పే బస్సు యాత్రలో చోటుంటుందో లేదో ముందే అడగాలి. పోయేటప్పుడు మనసంతా మనవడి మీద ఉంటుంది, అమెరికాలో దిగగానే ఇమ్మిగ్రేషన్ ప్రశ్నల భయమూ ఉంటుంది. అందుకే వచ్చేటప్పుడు ఆగడం మంచిదని నా సలహా. ఇంటికే కదా వస్తున్నాం, తొందర ఉండదు. అప్పటికి ఎయిర్‌పోర్టుల అలవాటూ అయి ఉంటుంది.

పిల్లలు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. టికెట్ వెతికేటప్పుడు పగటిపూట ఏడెనిమిది గంటలు ఆగే దారి కూడా చూడాలి. చాలాసార్లు అది మూడు గంటల కనెక్షన్ కంటే చవకగానే దొరుకుతుంది. అరైవల్ కార్డు తామే నింపాలి. ఫోన్‌లో ఆ దేశపు డేటా వేయించి, దారిని తెలుగులో కాగితం మీద రాసి, తిరిగి వచ్చే టెర్మినల్ నంబరు ఇంగ్లిషులో పెద్ద అక్షరాలతో పక్కన రాసి పంపాలి. వాట్సాప్‌లో లొకేషన్ పంచుకుంటే అమెరికాలో ఉన్న కొడుకు నాన్న ఏ వీధిలో ఉన్నాడో చూస్తూనే ఉండవచ్చు. ట్రావెల్ ఏజెంట్లు ఈ సమాచారాన్ని తెలుగులో ఒక్క పేజీ అచ్చువేసి టికెట్‌తో పాటు ఇస్తే అది వాళ్ల వ్యాపారానికే మంచి పేరు.

ఇంతదాకా పరాయి నగరాల సంగతి. ఆగే ప్రయాణికుడి విలువ గురించి మాట్లాడుతూ సూర్యాపేటను మరిచిపోలేం. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద ఈ ఊరు తరతరాలుగా మజిలీ. పగలూ రాత్రీ బస్సులు ఆగుతాయి, కార్లు ఆగుతాయి, వేలమంది దిగి చాయ్ తాగి వెళ్లిపోతారు. రహదారికి అయిదారు కిలోమీటర్ల దూరంలో పిల్లలమర్రి ఉంది. రేచర్ల వంశపు ఎరకసానమ్మ 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం, దాని పక్కన నామేశ్వరాలయం, నల్లరాతి స్తంభాల మీద కాకతీయ శిల్పం, శాసనాలు అన్నీ అక్కడున్నాయి. నలభై కిలోమీటర్లు వెళితే ఫణిగిరి. అక్కడి బౌద్ధ శిల్పాలను 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శించారు. సూర్యాపేట నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు కొందరు తమ జిల్లా తోరణపు రాయిని మొదటిసారి ఆ మ్యూజియంలోనే చూసి ఉంటారు. మిర్యాలగూడ వైపు నుంచి సాగర్ వెళితే 2022 మే 14న తెరిచిన బుద్ధవనం 274 ఎకరాల్లో ఉంది. తూర్పు ఆసియా యాత్రికులు వస్తారన్న ఆశతో కట్టింది అది. హైదరాబాద్‌లో ఒక రాత్రి ఆగిన జపాన్, థాయ్‌లాండ్ యాత్రికుడికి అక్కడిదాకా దారి చూపేవాళ్లు ఇప్పటికీ తక్కువే.

చాంగీ చేసిన పనిని సూర్యాపేట తన కొలతలో చేయగలదు. గంటన్నర చాలు, పిల్లలమర్రికి వెళ్లి రావడానికి. ఆర్టీసీ, పర్యాటక శాఖ, రహదారి పక్కన హోటళ్లు నడిపేవాళ్లు ఒకచోట కూర్చుంటే అయ్యే పని ఇది. శని, ఆదివారాల్లో హోటళ్ల ముందు నుంచి గంటకో చిన్న బస్సు, నిర్ణీత ధరకు ఆటోలు, గుడి తెరిచే వేళలు రాసిన బోర్డు తెలుగు, ఇంగ్లిషు, హిందీ భాషల్లో, శాసనం చదివి చెప్పగల స్థానిక డిగ్రీ విద్యార్థి ఒకరు, పరిశుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే చాలు. మొదట కావలసింది మాత్రం ఆ బోర్డే. ఇవాళ విజయవాడ పోతూ చాయ్ కోసం ఆగిన కుటుంబానికి పక్కనే ఎనిమిది వందల ఏళ్ల గుడి ఉందని చెప్పే అక్షరం ఆ హోటళ్ల ముందు పెద్దగా కనిపించాలి, దాని కింద దూరం, ఆటో ధర, గుడి మూసే సమయం ఉండాలి.